గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యం

జ్వరం, బీపీ, కాన్పు, కుక్కకాటు చూసే పల్లె ఆసుపత్రిలోనే, అదే ఓ.పి. చీటీ మీద, అదే వైద్యాధికారి చేత మానసిక వ్యాధులకు కూడా వైద్యం ఇప్పించే ఏర్పాటును ప్రాథమిక వైద్యంలో మానసిక ఆరోగ్య సేవల అనుసంధానం అంటారు. భారతదేశంలో దీనికి 1970ల నడుమ ప్రయోగాలు మొదలయ్యాయి. 1982లో ఇది జాతీయ విధానమైంది. 2017 నాటి చట్టంతో పౌరుల హక్కుగా మారింది. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశపు అనుభవాన్ని, అందులో తెలుగు జిల్లాల పాత్రను వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

నెలకొకసారి పట్నం నుంచి మానసిక వైద్యుడు వచ్చి శిబిరం పెట్టి వెళ్లడాన్ని పూర్తి అర్థంలో అనుసంధానం అనలేం. ఆ వైద్యుడు రాని 29 రోజులు కూడా రోగిని గుర్తించేవారు, మందు ఇచ్చేవారు, మళ్లీ రాకపోతే ఇంటికి వెళ్లి అడిగేవారు ఆ కేంద్రంలోనే ఉన్నప్పుడు అది అనుసంధానం అవుతుంది. శిబిరాన్ని ఆ దిశలో తొలి మెట్టుగా లెక్కిస్తారు.

ఈ సేవల కింద చూసే సమస్యలు ఇవి: కుంగుబాటు, ఆందోళన వంటి సామాన్య మానసిక సమస్యలు, స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్ర వ్యాధులు, మద్యం, ఇతర మత్తు పదార్థాల వ్యసనం, పిల్లల ఎదుగుదల లోపాలు, వృద్ధుల మతిమరుపు, ఆత్మహత్యా యత్నం. మూర్ఛ కూడా ఈ జాబితాలో ఉంటుంది. అది మెదడుకు సంబంధించిన జబ్బే కాని మానసిక వ్యాధి కాదు. అయితే పల్లెల్లో ఫిట్స్ వచ్చిన మనిషినీ, మతి చెదిరిన మనిషినీ తీసుకెళ్లేది ఒకే భూతవైద్యుడి దగ్గరికి. మందు మొదలుపెడితే మూర్ఛ త్వరగా అదుపులోకి వస్తుంది గనుక, ఊరివాళ్లకు ఆసుపత్రి మీద గురి కుదరడానికి అదే దారి అవుతుందని తొలి ప్రయోగాలు చేసినవారు దాన్ని ముందు వరుసలో పెట్టారు. (చూ. మూర్ఛ)

ప్రాథమిక వైద్య వ్యవస్థ కట్టుబాటు తెలిస్తే మిగతా వ్యాసం సులువుగా అర్థమవుతుంది. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పి.హెచ్.సి.), 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఈ అంకెలు 3,000, 20,000, 80,000. ఊళ్లో సుమారు వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త ఉంటారు.

అవసరం

1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను సమీక్షించిన భోర్ కమిటీ నివేదిక సమర్పించేనాటికి దేశం మొత్తం మీద మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు పదివేల చిల్లర. ఆసుపత్రులు కట్టుకుంటూ పోతే ఈ లోటు ఎన్నటికీ తీరదని తరువాతి దశాబ్దాల్లో తేలింది. మానసిక వైద్యులను తయారు చేసుకుంటూ పోవడానికీ ఇదే లెక్క వర్తించింది. ఇప్పటికీ లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దల్లో 10.6 శాతం మందికి సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వ్యాధిని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. అందుచేత ఈ సర్వే అంకెలను తెలుగు రాష్ట్రాలకు నేరుగా అన్వయించడంలో జాగ్రత్త అవసరం.

వైద్యం అందనివారంతా ఆసుపత్రి మొహం చూడనివారని అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున కొలంబియా, భారత్, సూడాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 1,624 మందిని పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 13.9 శాతం మందికి మానసిక సమస్య ఉంది. అక్కడి ఆరోగ్య సిబ్బంది గుర్తించింది వారిలో మూడోవంతు మందినే. అంటే రోగి అప్పటికే వైద్యుడి ముందు కూర్చుని ఉన్నాడు, జబ్బు మాత్రం చీటీలోకి ఎక్కలేదు. అనుసంధానాన్ని సమర్థించేవారికి ఈ పరిశీలన నేటికీ ముఖ్య ఆధారం.

చరిత్ర

తొలి ప్రయోగాలు: 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం, వర్ధమాన దేశాల్లో మానసిక వైద్యాన్ని సాధారణ ఆరోగ్య సిబ్బంది ద్వారా అందించాలని సిఫారసు చేసింది. ఆ వెంటనే ఏడు దేశాల్లో మొదలైన అధ్యయనానికి భారత్‌లో ఎంచుకున్న చోటు హరియాణాలోని అప్పటి అంబాలా జిల్లా రాయపూర్ రాణి బ్లాకు. చండీగఢ్ పి.జి.ఐ.కి చెందిన ఎన్.ఎన్. విగ్ దాన్ని నడిపించారు. ఇంచుమించు అదే సమయంలో బెంగళూరు నిమ్హాన్స్ తన సామాజిక మానసిక వైద్య విభాగాన్ని ప్రారంభించి, నగరానికి దగ్గర్లోని సకలవార గ్రామంలో కేంద్రం తెరిచింది. పి.హెచ్.సి. వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు ఎన్ని రోజుల శిక్షణ చాలు, వాళ్లకు ఏ మందులు అప్పగించవచ్చు, ఏ లక్షణాలు నేర్పితే చాలు అన్న ప్రశ్నలకు ఈ రెండు చోట్లా జవాబులు వెదికారు.

జాతీయ కార్యక్రమం: 1978 ఆల్మా ఆటా ప్రకటన ఆరోగ్యాన్ని అందరి హక్కుగా, ప్రాథమిక వైద్యాన్ని దానికి దారిగా చెప్పింది. 1982 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య మండలి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ఆమోదించింది. ఇలాంటి కార్యక్రమాన్ని అంత తొందరగా చేపట్టిన వర్ధమాన దేశాలు కొద్దే. కాని కాగితం మీది కార్యక్రమాన్ని ఒక జిల్లా స్థాయిలో నడపడం సాధ్యమేనా అన్నది అప్పటికి తేలలేదు.

బళ్ళారి: ఆ ప్రశ్నకు జవాబు అనంతపురం, కర్నూలు జిల్లాలను ఆనుకుని ఉన్న, తెలుగు మాట్లాడే జనం గణనీయంగా ఉన్న బళ్ళారి జిల్లాలో దొరికింది. అప్పటి జిల్లా జనాభా సుమారు 15 లక్షలు. 1985 నుంచి 1990 వరకు నిమ్హాన్స్ అక్కడ పి.హెచ్.సి. వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, జిల్లా కేంద్రంలో ఒక మానసిక వైద్య బృందాన్ని పర్యవేక్షణకు ఉంచి, కొద్దిపాటి మందులను పి.హెచ్.సి. స్థాయికి చేర్చింది. మామూలు జిల్లాలో కూడా ఇది నడుస్తుందని రుజువైంది. దేశంలో తరువాత వచ్చిన జిల్లా కార్యక్రమాలన్నిటికీ బళ్ళారే మూస.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం: 1996లో నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా చొప్పున మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైన జిల్లా మెదక్. మిగతా మూడు రాష్ట్రాలు అస్సాం, రాజస్థాన్, తమిళనాడు. తొమ్మిదో పంచవర్ష ప్రణాళిక ముగిసేనాటికి కార్యక్రమం 27 జిల్లాలకు చేరింది. ప్రస్తుతం 767 జిల్లాలకు మంజూరైంది. ఒక్కో జిల్లాకు మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సామాజిక కార్యకర్త, నర్సులతో కూడిన బృందం ఉండాలి. మంజూరు కావడం, పోస్టులన్నీ భర్తీ అయి పనిచేయడం వేర్వేరు సంగతులు.

ఎర్వాడి: 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా పరిసరాల్లో నడుస్తున్న ఒక ఆశ్రమంలో మంటలు చెలరేగి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వారు గొలుసులతో కట్టేసి ఉన్నారు. సుప్రీంకోర్టు దీన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. ఇంటికి దగ్గర్లో వైద్యం దొరకని కుటుంబాలు రోగిని ఎక్కడెక్కడికి తీసుకువెళుతున్నాయో ఈ ఘటనతో దేశానికి తెలిసింది. (చూ. ఎర్వాడి అగ్నిప్రమాదం)

నమూనాలు

అనుసంధానానికి ఒకే రూపం లేదు. సందర్శక నిపుణుడి నమూనాలో మానసిక వైద్యుడు నిర్ణీత రోజున తాలూకా ఆసుపత్రికో పి.హెచ్.సి.కో వస్తాడు. కర్ణాటకలో మంగళవారాల్లో నడిచే మనోచైతన్య క్లినిక్కులు ఈ కోవలోవి. శిక్షణ నమూనాలో పి.హెచ్.సి. వైద్యాధికారే రోగ నిర్ధారణ, వైద్యం చేస్తాడు, కష్టమైన కేసులను పైకి పంపుతాడు. బళ్ళారిది ఇదే.

మూడోది సహకార వైద్యం. ఇందులో వైద్యుడికీ రోగికీ నడుమ మూడో మనిషి ఉంటాడు. రోగుల జాబితా అతని దగ్గర ఉంటుంది. ఎవరు రావలసి ఉండి రాలేదు, ఎవరి లక్షణాలు తగ్గలేదు అని వారం వారం చూసి, మానసిక వైద్యుడితో మాట్లాడి, వైద్యాధికారికి చెప్పడం అతని పని. ఈ పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకుంది. 1,801 మంది వృద్ధులతో నడిచి 2002లో ఫలితాలు వెలువడిన ఇంపాక్ట్ పరిశోధనతో దానికి గుర్తింపు వచ్చింది. దశలవారీ వైద్యాన్ని సాధారణంగా దీనితో కలిపి వాడతారు. తేలికపాటి సమస్యకు ముందు మాట సాయం, అది చాలకపోతే మందు, ఆ పైన నిపుణుడు.

వీటన్నిటి కిందా ఉన్న సూత్రం పని పంపకం. నిపుణుడు మాత్రమే చేయగల పనులను ఏరి, మిగిలినవాటిని తక్కువ శిక్షణతో చేయగలవారికి అప్పగిస్తారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రారంభించిన ఎంహెచ్‌గ్యాప్ కార్యక్రమం, దాని కింద 2010లోను, 2016లోను వెలువడిన చికిత్సా మార్గదర్శికలు ఈ పంపకానికి ప్రామాణిక గ్రంథాలు. (చూ. ఎంహెచ్‌గ్యాప్)

పనిచేసే తీరు

రోగి చెప్పే మాట: తెలుగు పల్లెల్లో మనసు బాగోలేదని చెప్పి పి.హెచ్.సి.కి వచ్చేవారు తక్కువ. ఒళ్లు మంటలు, కాళ్లు లాగడం, తల బరువు, గుండె దడ, గ్యాస్, నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయలేనంత నీరసం అని చెబుతారు. అప్పటికే ఊళ్లో ఆర్.ఎం.పి. నరాల బలహీనత అని రెండు సెలైన్లు ఎక్కించి, బలం ఇంజెక్షన్ చేసి ఉంటాడు. మరి కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని ఉంటారు. శిక్షణలో వైద్యాధికారికి మొదట నేర్పేది ఈ మాటల వెనుక ఏముందో అడగడమే. ‘నిద్ర ఎలా పడుతోంది?’ అన్న ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. ‘తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోందా? పనికి వెళ్లబుద్ధవుతోందా? నలుగురిలో కూర్చోబుద్ధవుతోందా?’ అని అక్కడి నుంచి మెల్లగా ముందుకు వెళతారు. చావు గురించి ఆలోచన వస్తోందా అన్నది ఆఖర్న అడిగినా, తప్పక అడగవలసిన ప్రశ్న. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి పరిశోధనల్లో ఆధారం లేదు.

ప్రశ్నావళి: కుంగుబాటుకు ఎక్కువగా వాడేది పి.హెచ్.క్యూ.–9. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 గాని అంతకు మించి గాని వస్తే వైద్యుడు చూడాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరుతో పని లేకుండా వెంటనే మాట్లాడాలి. ఇందులోని మొదటి రెండు ప్రశ్నలనే 30 ఏళ్లు నిండినవారి కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఆరోగ్య పరిశీలన పత్రంలో చేర్చారు. బీపీ, షుగరు, కేన్సర్ల ప్రశ్నల వెంబడే ఇవి కూడా వస్తాయి గనుక మానసిక పరీక్ష అన్న ముద్ర పడదు. అయితే అత్త పక్కనే కూర్చుని ఉండగా కోడలు ఈ రెండింటికీ నిజమైన జవాబు చెబుతుందా అన్నది వేరే సంగతి. ఆ ఇంటి పరిస్థితి ఆశా కార్యకర్తకు ముందే తెలిసి ఉండడం ఇక్కడ అక్కరకు వస్తుంది.

మందులు: పి.హెచ్.సి. స్థాయిలో కావలసినవి పట్టుమని పది కూడా ఉండవు. కుంగుబాటుకు ఫ్లూవాక్సెటిన్, అమిట్రిప్టిలిన్. తీవ్ర వ్యాధులకు రిస్పెరిడోన్, హాలోపెరిడాల్. వాటి వల్ల ఒళ్లు బిగుసుకుపోతే ట్రైహెక్సిఫెనిడిల్. మాత్ర మింగనివారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్. మూర్ఛకు ఫినోబార్బిటోన్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్. వీటిలో వాల్‌ప్రోయేట్‌ను పిల్లలు పుట్టే వయసులోని స్త్రీలకు ఇవ్వకూడదు, గర్భస్థ శిశువుకు హాని.

కుంగుబాటు మందు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల, పది రోజులు మింగి గుణం లేదని మానేసేవారు ఎందరో. గుణం కనిపించగానే మానేసేవారు ఇంకొందరు. లక్షణాలు తగ్గాక కూడా 9 నుంచి 12 నెలలు కొనసాగించాలన్నది ఎంహెచ్‌గ్యాప్ సూచన. తేలికపాటి కుంగుబాటుకు మొదటే మందు వద్దని, కుంగుబాటుకు డైజెపామ్ జాతి నిద్రమాత్రలు వాడవద్దని కూడా అదే మార్గదర్శకం చెబుతుంది.

మాట సాయం: మందుతో పాటు, కొన్నిసార్లు మందు లేకుండానే, క్రమపద్ధతిలో మాట్లాడి చేసే చికిత్సలు ఉన్నాయి. గోవాలో రూపొందించిన హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్‌లో ఆరు నుంచి ఎనిమిది విడతలు ఉంటాయి. కుంగిపోయిన మనిషి ఒక్కో పనీ వదిలేసుకుంటూ పోతాడు, వదిలేసినకొద్దీ ఇంకా కుంగిపోతాడు. ఆ వరుసను తిరగేయడం దీని పద్ధతి. ఈ వారం చేయగలిగిన చిన్న పని ఏది, ఏ రోజు, ఏ వేళకు అని రోగితోనే చెప్పించి, పై వారం అడుగుతారు. చేసేది మానసిక వైద్యుడు కాదు, అందుకోసం తర్ఫీదు పొందిన స్థానిక యువతీయువకులు.

వాయిదా: ఈ మొత్తం ఏర్పాటుకు ప్రాణం తదుపరి తేదీ రాసిన రిజిస్టరు. స్కిజోఫ్రీనియా రోగి మందు మానేశాక కొన్ని వారాలు బాగానే కనిపిస్తాడు. తిరగబెట్టేది తరువాతే. తేదీ దాటిన మూడో రోజునో నాలుగో రోజునో ఆశా కార్యకర్త గడప తొక్కితే ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది. శిక్షణా తరగతులు పెట్టడం సులువు. ఈ తేదీని నెలల తరబడి వెంటాడటం కష్టం. విజయవంతమైన ప్రయోగాలకూ, నీరుగారిపోయిన కార్యక్రమాలకూ ఉన్న తేడా చాలాచోట్ల ఇక్కడే కనిపిస్తుంది.

పరిశోధన ఫలితాలు

గోవాలో విక్రమ్ పటేల్ బృందం నడిపిన మానస్ పరిశోధన 2010లో లాన్సెట్‌లో వెలువడింది. 12 ప్రభుత్వ పి.హెచ్.సి.లు, 12 ప్రైవేటు క్లినిక్కులను తీసుకుని, సగం చోట్ల శిక్షణ పొందిన సామాన్య సలహాదారును నియమించారు. ప్రభుత్వ కేంద్రాల్లో కుంగుబాటు, ఆందోళన నిర్ధారణ అయినవారిలో ఆరు నెలలకు కోలుకున్నవారు సలహాదారు ఉన్నచోట 65.9 శాతం, లేనిచోట 42.5 శాతం. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. పైన చెప్పిన హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్‌ను కూడా గోవా పి.హెచ్.సి.ల్లోనే పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలలకు కుంగుబాటు నుంచి బయటపడినవారు 64 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం.

విదర్భలోని అమరావతి జిల్లాలో 30 గ్రామాల్లో నడిచిన విశ్రామ్ ప్రాజెక్టు వేరే కోణం నుంచి మొదలైంది. రైతు ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కిన ప్రాంతం అది. ఊళ్లలో కుంగుబాటు గురించి మాట్లాడటం, ఊరి మనుషులకే తొలి సాయం నేర్పడం దాని పద్ధతి. కుంగుబాటు ఉన్నవారిలో ఎవరో ఒకరి దగ్గరికి వైద్యానికి వెళ్లినవారు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో జరిగిన ప్రైమ్ అధ్యయనం, ప్రభుత్వ వ్యవస్థలోనే ఉంటూ జిల్లా స్థాయి ప్రణాళికను అమలు చేయడంలో ఎదురయ్యే చిక్కులను నమోదు చేసింది.

తెలుగు రాష్ట్రాల్లో

పశ్చిమ గోదావరి: ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ముఖ్యమైన పరిశోధన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్. గిరిజన గ్రామాల్లో మొదలైన తొలి దశలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. వాటిలో తెలుగు ప్రశ్నలతో ఇంటింటా పరీక్ష చేసి, సమస్య ఉందనిపించినవారి వివరాలు పి.హెచ్.సి. వైద్యుడి ట్యాబ్‌కు పంపేవారు. వైద్యుడికి ఎంహెచ్‌గ్యాప్ ఆధారంగా ఏం అడగాలో, ఏం ఇవ్వాలో ఆ పరికరమే మెట్టు మెట్టుగా సూచించేది. ఆ తరువాత ఎవరు మందు వాడుతున్నారో, ఎవరు వెళ్లలేదో ఆశా కార్యకర్త ట్యాబ్‌లో రంగుల గుర్తులతో కనిపించేది. పరీక్షకు ముందే ఊళ్లలో మానసిక వ్యాధి చుట్టూ ఉన్న వెలివేత మీద ప్రచారం జరిపారు. సమస్య ఉన్నవారిలో వైద్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి చేరారు. పెరుగుదల పెద్దదే, చేరిన అంకె మాత్రం ఇంకా చిన్నదే. తరువాతి దశలో పశ్చిమ గోదావరితో పాటు హరియాణాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలను కలిపి 44 పి.హెచ్.సి.ల పరిధిలో పరీక్షించారు. ఏడాది చివర కుంగుబాటు తీవ్రత తగ్గిందని, రోగుల పట్ల ఊరివారి వైఖరి మెరుగుపడిందని 2024లో ప్రకటించారు.

కల్తీ కల్లు: తెలంగాణ పి.హెచ్.సి. వైద్యుడికి పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని సమస్య ఒకటుంది. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్‌ప్రజోలామ్ కలిపిన కల్లుకు అలవాటుపడిన మనిషికి అది ఒక్కసారిగా దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ మొదలవుతాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను, 2020 లాక్‌డౌన్ తొలి వారాల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దగ్గర కూడా ఇలాంటి రోగులు బారులు తీరారు. ఇంటివాళ్లకు ఇది పిచ్చిలా, పూనకంలా కనిపిస్తుంది. ఆఖరిగా కల్లు ఎప్పుడు తాగాడు అన్న ఒక్క ప్రశ్నతో పి.హెచ్.సి.లోనే గుర్తించి ప్రాణం కాపాడదగ్గ స్థితి ఇది. (చూ. మత్తు విరమణ లక్షణాలు)

పురుగుమందు: జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 11,290 మంది వ్యవసాయం మీద బతికేవారు. పురుగుమందు తాగిన మనిషి మొదట చేరేది దగ్గర్లోని పి.హెచ్.సి.కే. అట్రోపిన్ ఇచ్చి 108లో పెద్దాసుపత్రికి పంపడంతో ఆ కేంద్రం పని అయిపోయినట్టు భావిస్తారు. బతికి ఇంటికి వచ్చినవాళ్లలో మళ్లీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువ. తిరిగి వచ్చిన ఆ మనిషి పేరు ఆశా కార్యకర్త జాబితాలోకి ఎక్కించడం అనుసంధానంలో భాగం.

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో అందించవలసిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లోని విలేజ్ హెల్త్ క్లినిక్కులు, తెలంగాణలోని పల్లె దవాఖానలు ఈ కోవలోకి వస్తాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు. మొదట సలహాదారు, అవసరమైతే నిపుణుడు.

ఇతర దేశాల్లో

ఇరాన్ 1980ల చివర నుంచి బెహ్‌వర్జ్ అనే పల్లె ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించడం, వెంటాడి మందు వాడించడం నేర్పి, దేశవ్యాప్త గ్రామీణ వ్యవస్థలోకి తెచ్చింది. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లు గర్భిణులను, బాలింతలను ఇంటి దగ్గరే పలకరించి చేసిన థింకింగ్ హెల్దీ పరిశోధన 2008లో వెలువడింది. ఆరు నెలలకు కుంగుబాటులో మిగిలిన తల్లులు ఆ పద్ధతి ఉన్నచోట 23 శాతం, లేనిచోట 53 శాతం. అమలు చేసినవారు మన ఆశా కార్యకర్తల వంటివారే గనుక భారత్‌కు ఇది దగ్గరి ఉదాహరణ. చిలీ 2001లో ప్రాథమిక వైద్యంలో కుంగుబాటు చికిత్సను జాతీయ కార్యక్రమం చేసింది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా 2006లో ప్రారంభించిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో అవ్వలు క్లినిక్ ఆవరణలోని బల్ల మీద కూర్చుని సలహా ఇస్తారు. అది హరారే నగరంలో పుట్టిన పద్ధతి.

విమర్శలు, అడ్డంకులు

ఈ కార్యక్రమం మాత్రల పంపిణీగా కుంచించుకుపోయిందన్నది ప్రధాన విమర్శ. ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ ప్రాంతంలో జిల్లా కార్యక్రమాన్ని దగ్గరగా పరిశీలించిన సుమీత్ జైన్, సుశ్రుత్ జాదవ్ 2009లో ఇదే మాట అన్నారు. సమాజ భాగస్వామ్యం అని మొదలైనది కింది స్థాయికి వచ్చేసరికి మందుల చీటీగా మిగిలిందని వారి పరిశీలన. అప్పు, పంట నష్టం, ఇంట్లో తాగుబోతు కొట్టే దెబ్బలు వంటి కారణాలకు జబ్బు పేరు పెట్టి మందు ఇవ్వడం తప్పించుకోవడమే అన్న వాదన కూడా ఉంది. దీనికి జవాబుగా, కారణం అప్పే అయినా కుంగుబాటు ముదిరిన మనిషికి వైద్యం ఆపలేమని, రెండూ జరగాలని మరొక పక్షం అంటుంది. స్కిజోఫ్రీనియా, మూర్ఛ విషయంలో ఈ వాదానికి పెద్దగా తావు లేదు. కుంగుబాటు విషయంలో వివాదం తీరలేదు.

అమలులో ఇబ్బందులు మరింత మొరటువి. 67 దేశాల లెక్కలు కలిపి 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, భారత్‌లో ప్రాథమిక వైద్యుడు ఒక రోగికి ఇచ్చే సగటు సమయం 2.3 నిమిషాలు. పి.హెచ్.క్యూ.–9 చదివి వినిపించడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. శిక్షణ పొందిన వైద్యాధికారి పీజీ సీటు వచ్చి వెళ్లిపోతే కొత్తగా వచ్చినవారికి మొదటి నుంచి చెప్పాలి. మందు ఇండెంటు పెట్టినా రాకపోతే, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చిన రోగి వట్టి చేతులతో వెళతాడు, రెండోసారి అలా జరిగితే ఇక రాడు. ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే ఉన్న సర్వేల భారం మరొకటి. గుళ్లు, దర్గాల దగ్గరికి వెళ్లేవారిని అడ్డుకోవడం కన్నా అక్కడే వైద్యం అందించడం మేలని గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ప్రార్థనతో పాటు మందు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు.

చట్టపరమైన స్థితి

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ప్రాథమిక స్థాయి మొదలు అన్ని స్థాయిల సాధారణ వైద్యంలో దాన్ని కలపడం ప్రభుత్వ బాధ్యత. 94వ సెక్షన్ కింద, ప్రాణాపాయం వంటి అత్యవసర స్థితిలో నమోదైన ఏ వైద్యుడైనా, అంటే పి.హెచ్.సి. వైద్యాధికారి కూడా, నామినేట్ అయిన ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతితో 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు. 115వ సెక్షన్ ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా భావించి, శిక్ష నుంచి మినహాయించి, సంరక్షణ కల్పించమంటుంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత భారతీయ శిక్షాస్మృతి 309వ సెక్షన్‌లోని ఆత్మహత్యా యత్నం నేరం లేదు.

జనాభాకు తగిన సంఖ్యలో మానసిక ఆరోగ్య నిపుణులు ఉండేలా, అంతర్జాతీయ ప్రమాణాలను అందుకునేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని 31వ సెక్షన్ చెబుతుంది. అందుకు చట్టం ఇచ్చిన పదేళ్ల వ్యవధి 2028 మే నెలతో ముగుస్తుంది.